ఫొటో నచ్చింది, సరుకు నచ్చలేదు: ఒక కేస్ స్టడీ

ఇది చేత్తో రంగులద్దిన స్కార్ఫులు అమ్మే ఒక చిన్న ఆన్‌లైన్ దుకాణం కేసు. రంగులు వేసేది ఒకే ఒక్కావిడ. ప్రకటనలు, ఆర్డర్లు, పార్సిళ్లు అన్నీ ఆవిడ తమ్ముడు చూసుకుంటాడు. నేను ప్రొడక్ట్ ఫొటోగ్రాఫర్ని. ఫొటోలతో పాటు పేజీలో రాసే మాటలు, ప్రకటనల సంగతి కూడా కొంతకాలంగా చూస్తున్నాను. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మాత్రం తీసేశాను.

స్కార్ఫులు బాగానే అమ్ముడుపోతున్నాయి, అంత బాగానే వెనక్కీ వస్తున్నాయి. రిటర్న్ కారణం దగ్గర కొన్నవాళ్లు రాసేది దాదాపు ఒకటే మాట: ఫొటోలో ఉన్న రంగు వేరు, వచ్చిన రంగు వేరు. రానూపోనూ ఖర్చు దుకాణానిదే. ఒకసారి విప్పి, మెడకు చుట్టుకుని చూసి, మళ్లీ మడిచి పంపిన స్కార్ఫును కొత్తదని ఇంకొకరికి అమ్మలేరు. దానికి తోడు పేజీలో ఒక స్టారు రివ్యూ. "ఫొటో చూసే కొన్నారండీ, ఫొటో చూసే తిడుతున్నారు" అందావిడ నాతో.

తమ్ముడి లెక్క వేరు. ఒక్కో ఫోన్లో రంగు ఒక్కోలా కనిపిస్తుంది, జనానికి చాదస్తం ఎక్కువైంది, ఇందులో మన తప్పేముంది అంటాడు. మందు కూడా అతని దగ్గర సిద్ధంగానే ఉంది. తెలిసినవాళ్లతో మంచి రివ్యూలు రాయించాలి, తక్కువ స్టార్లున్నవి కనపడకుండా చేయాలి, డబ్బు వాపసు కావాలంటే పెట్టిన ఫొటో, రాసిన విమర్శ తీసేయాలని షరతు పెట్టాలి. నన్ను పిలిచింది మాత్రం ఇంకా అదిరిపోయే ఫొటోలు తీయమని.

పాత ఫొటోలు వేరొకరు తీసినవి. అవి మంచి ఫొటోలు, ఆ మాట ముందే చెప్పాలి. సాయంత్రపు ఎండ, గాలికి ఎగిరే గుడ్డ, వెనక మసగ్గా చెట్లు. ఏ ఎగ్జిబిషన్లో పెట్టినా జనం నిలబడి చూస్తారు. వెనక్కొచ్చిన స్కార్ఫుల మూట విప్పి ఒక్కొక్కటీ తీసి, స్క్రీన్ మీద దాని ఫొటో పక్కన పట్టుకుని చూశాను. ముందుగా కిటికీ వెలుతురులో, తర్వాత పసుపు బల్బు కింద, ఆ తర్వాత మామూలు ఎల్‌ఈడీ లైటు కింద. ఏది ఎక్కడ తప్పుతోందో అప్పుడు అర్థమైంది.

మొదటిది ఎండ. వెలుతురు ఎంత నారింజగా, ఎంత నీలంగా ఉందో చెప్పే కొలతను రంగు ఉష్ణోగ్రత అంటారు. నడినెత్తి ఎండకు అది సుమారు 5500 కెల్విన్ ఉంటుంది. పొద్దు వాలే వేళ అది బాగా పడిపోయి అన్నిటి మీదా నారింజ రంగు పులుముతుంది. బూడిద రంగు స్కార్ఫు గోధుమ రంగులోకి వచ్చేస్తుంది. వెలుతురు రంగుకు తగ్గట్టు తనంతట తానే సర్దుకునే ఆటో వైట్ బ్యాలెన్స్‌లో కెమెరాను వదిలేస్తే అది ఒక్కో ఫ్రేములో ఒక్కోలా సర్దుతుంది కాబట్టి ఒకే స్కార్ఫు మూడు ఫొటోల్లో మూడు రకాలుగా ఉంది. రెండోది ఫిల్టర్. అన్ని ఫొటోలకూ ఒకే ప్రీసెట్, అంటే ముందే సిద్ధం చేసిన రంగుల సెట్టింగు, వేశారు, నీడలు నీలిపచ్చకీ, వెలుగులు నారింజకీ జరిగేది. చర్మానికి అందాన్నిచ్చే ఆ ప్రీసెట్, రంగే సరుకైన చోట సరుకునే మార్చేసింది. మూడోది వెలుతురు వచ్చే దిక్కు. గుడ్డ వెనక సూర్యుడుంటే కాంతి నూలు గుండా వచ్చి రంగు దీపంలా వెలుగుతుంది. మెడకు చుట్టుకున్నాక స్కార్ఫు వెనక ఉండేది మెడే కదా, సూర్యుడు కాదు.

నాలుగోది రంగుల స్వభావంలోనే ఉంది. నీలాలకు ఆవిడ నీలిమందు వాడుతుంది. నీలిమందు అద్దిన గుడ్డ నీలాన్నే కాదు, ఎరుపు చివరి అంచునూ దానికవతల ఉన్న పరారుణ కాంతినీ కూడా తిప్పికొడుతుంది. పసుపు బల్బు వెలుతురులో ఎరుపు పాలు ఎక్కువ. అందుకే పగటి వెలుతురులో ముదురు నీలంగా ఉన్నది రాత్రి ఇంట్లో కాస్త ఊదాగా కనిపిస్తుంది. ఒక వెలుతురులో జోడీ కుదిరినట్టున్న రెండు నీలాలు ఇంకో వెలుతురులో విడిపోవడాన్ని మెటామెరిజం అంటారు. అద్దకం పనివాళ్లకు ఆ పేరు తెలియకపోయినా సంగతి తెలుసు. కొన్నావిడ పార్సిల్ రాత్రిపూట లైటు కింద విప్పిందనుకోండి, ఆమెకు కనిపించింది అబద్ధం కాదు.

ఇదంతా చెప్పాక తమ్ముడు అడిగిన ప్రశ్న మంచిది. "ఫొటో అంటే మీ భావ వ్యక్తీకరణ కదా సార్? దానికీ హద్దులు పెడితే ఎలా?"

ఆ ప్రశ్న నాకూ కొత్త కాదు. సొంతంగా తీసుకునే ఫొటోల్లో నేను నీడల్ని ఇంకా చీకటి చేస్తాను, రంగులు పీకేస్తాను, కావాలంటే గ్రెయిన్ వేస్తాను. ఎవరికీ సంజాయిషీ ఇవ్వను. ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తల్లోనే ఈ స్వేచ్ఛ పుట్టింది. 1839లో ఫ్రాన్స్‌లో, లోహపు రేకు మీద ఫొటో తీసే పద్ధతి కనిపెట్టిన డగేర్‌కు ప్రభుత్వ గుర్తింపు, పింఛను వచ్చాయి. తనదైన పద్ధతిలో అప్పటికే కాగితం మీద ఫొటోలు తీసిన ఇపొలిట్ బయార్‌కు పెద్దగా ఏమీ దక్కలేదు. 1840లో అతను నీట మునిగి చనిపోయిన శవంలా కూర్చుని తన ఫొటో తానే తీసుకున్నాడు. దాని వెనక, ప్రభుత్వం డగేర్‌కు ఎంతో ఇచ్చింది, బయార్‌కు ఏమీ చేయలేనంది, పాపం అతను నీళ్లలో దూకాడు అని రాశాడు. నిజానికి అతను 1887 దాకా బతికాడు. పచ్చి అబద్ధపు ఫొటో అది. కానీ మోసపోయినవాడు ఎవడూ లేడు. చూసినవాడికి అర్థమైంది నిరసన, చచ్చిన మనిషి తన చావు గురించి తానే రాసుకోడు కాబట్టి.

ఇంకో ఫొటో 1960ల చివరి నాటిది. అమెరికాలో కాంప్‌బెల్ కంపెనీ సూపు ప్రకటన తీసేటప్పుడు గిన్నె అడుగున గాజు గోళీలు వేశారు. గోళీల మీద నిలిచి కూరగాయల ముక్కలు పైకి తేలాయి, సూపు చిక్కగా కనిపించింది. గిన్నెలో ఉన్నది అసలు సూపే, ముక్కలూ అసలువే, కెమెరా ఉన్నదున్నట్టే తీసింది. అయినా వ్యాపారంలో మోసాలను అడ్డుకునే అక్కడి ప్రభుత్వ సంస్థ, ఫెడరల్ ట్రేడ్ కమిషన్, అది మోసపూరితమంది. 1970లో ఆ పని మళ్లీ చేయకుండా ఉత్తర్వు వచ్చింది. మన కేసులో గుడ్డ వెనక పెట్టిన సూర్యుడు అచ్చంగా ఆ గోళీల పనే చేశాడు.

బయార్ ఫొటో పూర్తిగా కల్పితమైనా దానిమీద ఎవరూ డబ్బు పెట్టలేదు. సూపు ఫొటోలో కల్పించిందేమీ లేకపోయినా దాన్ని చూసి జనం డబ్బా కొన్నారు. నేను గీత గీసుకునే చోటు ఇదే. ఫొటో పక్కన కొనే బటన్ ఉందా? ఉంటే చూసేవాళ్లు దాన్ని నా భావంగా చదవరు, దుకాణం ఇచ్చిన మాటగా చదువుతారు. అమెరికా సుప్రీంకోర్టు కూడా 1980 నాటి సెంట్రల్ హడ్సన్ కేసులో దాదాపు ఇదే దారి పట్టింది. వ్యాపార ప్రకటనకూ వాక్ స్వాతంత్ర్య రక్షణ ఉంటుంది, కానీ అది చట్టబద్ధమైన వ్యాపారం గురించి అయ్యుండాలి, తప్పుదోవ పట్టించకూడదు. ఆ మెట్టు దాటాకే మిగతా వాదన. తమ్ముడికి ఇంకో సంగతి కూడా చెప్పాను. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 19వ అధికరణం సమాచారాన్ని అందించే హక్కుతో ఆగదు, వెతుక్కునే హక్కు, అందుకునే హక్కు కూడా అందులోనే ఉన్నాయి. మన స్వేచ్ఛ ఎంతో, కొనేవాళ్ల స్వేచ్ఛా అంతే. "అయితే పాత ఫొటోలన్నీ చెత్తబుట్టలోకేనా?" అన్నాడు. అవసరం లేదన్నాను.

పాత ఫొటోల్ని ప్రొడక్ట్ పేజీల నుంచి దింపి, దుకాణం కథ చెప్పే చోటుకు, సోషల్ మీడియా పోస్టులకు మార్చాం. ప్రతిదానికీ క్యాప్షన్‌లో ఒక వాక్యం ఉంటుంది, "సాయంత్రపు ఎండలో తీసింది, అసలు రంగు కోసం స్కార్ఫు పేజీ చూడండి" అని. డబ్బు పెట్టి వేయించే ప్రకటనలో మాత్రం పేజీలో ఉన్న మొదటి ఫొటోనే వాడాలి. ఈ షరతు తమ్ముడికి ఇప్పటికీ మింగుడుపడలేదు.

కొత్త షూట్‌లో గొప్పతనం ఏమీ లేదు, ఓపిక ఉంది. స్కార్ఫును బూడిద రంగు అట్ట మీద పరిచి రెండు పక్కలా వెలుతురును మెత్తగా పరిచే సాఫ్ట్‌బాక్సులు 45 డిగ్రీల కోణంలో పెట్టాం. గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేశాం, కిటికీ తెర కూడా వేసేశాం, రెండు రకాల వెలుతురు కలిస్తే ఏ వైట్ బ్యాలెన్సూ దాన్ని సరిచేయలేదు. మొదటి ఫ్రేములో స్కార్ఫు పక్కన 24 గడుల కలర్ చెకర్ ఉంటుంది. 1976 నుంచి వాడుకలో ఉన్న అట్ట అది, ఒక్కో గడి రంగు విలువ ముందే తెలిసి ఉంటుంది కాబట్టి కెమెరా ఎటు ఎంత జరిగిందో తేలిపోతుంది. కెమెరా ఏమీ మార్చని రా ఫైల్లోనే తీసి, ఆ అట్టతో ప్రొఫైల్ (కెమెరా రంగుల్ని సరిచేసే లెక్క) చేసి, ఆ బ్యాచ్ మొత్తానికీ అదే వేశాం. బయటికి పంపేది ఎస్‌ఆర్‌జీబీలో, అంటే మామూలు స్క్రీన్లు, వెబ్‌పేజీలు వాడే రంగుల పరిధిలో, ఆ సంగతి చెప్పే ప్రొఫైల్ ఫైల్లోనే ఉండేలా. రంగు నిండుదనం పెంచే సాచురేషన్ మీట ముట్టుకోలేదు. చివరి తీర్పు మాత్రం యంత్రానిది కాదు. రంగు వేసినావిడ స్కార్ఫు చేత్తో పట్టుకుని, రంగులు సరిగ్గా చూపేలా కాలిబ్రేట్ చేసిన స్క్రీన్ ముందు నిలబడి, సరే అంటేనే ఫొటో పేజీలోకి వెళ్తుంది. ఆవిడ కన్ను భయంకరమైన కన్ను. నాకు తేడా కనపడని చోట "కొంచెం పసుపు తగ్గిందండీ" అనేది, గడి విలువ చూస్తే నిజంగానే తగ్గి ఉండేది.

ఒక్కో స్కార్ఫుకు పగటి వెలుతురులో ఒక ఫొటో, పసుపు బల్బు కింద ఇంకొకటి, రెండిటి కిందా ఏ వెలుతురో రాసి పక్కపక్కనే పెట్టాం. నీలిమందు రంగుల గొడవ దాదాపు దీంతోనే సర్దుకుంది. మనిషి వేసుకున్న ఫొటో ఒకటి, కొలత తెలియడానికి. అద్దకంలో రంగు చిక్కబడిన చోటు, పలచబడిన చోటు దగ్గరగా చూపించేది ఇంకొకటి. ఈ చివరి ఫొటోకు తమ్ముడు గట్టిగా అడ్డం తిరిగాడు, మన లోపం మనమే చూపించుకోవాలా అని. "చేత్తో వేసింది అలాగే ఉంటుందిరా, అది లోపమని నీకెవరు చెప్పారు?" అని అక్కే నోరు మూయించింది.

రివ్యూల దగ్గర ఇంకా గట్టి రగడ జరిగింది. దొంగ రివ్యూలు రాయించడం గురించి నేను ఎక్కువ వాదించలేదు, అలాగైతే వేరే మనిషిని చూసుకోమన్నాను. అమెరికాలో 2024 అక్టోబర్ నుంచి నకిలీ రివ్యూలు కొనడం, అమ్మడం మీద నేరుగా నిబంధనే వచ్చింది. కొనుగోలు ఒప్పందంలో విమర్శ రాయకూడదని పెట్టే షరతులు చెల్లవని 2016లోనే అక్కడ చట్టం చేశారు. దేశానికో చట్టం ఉండొచ్చు. చట్టం లేని చోటైనా, డబ్బు వాపసును అడ్డం పెట్టుకుని మనిషి నోరు నొక్కడం నాకు సహించదు. నా ఫొటో విషయంలో స్వేచ్ఛ కావాలనేవాణ్ని, కొన్నావిడ తన ఫొటో పెడితే తీసేయమని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను?

నిజానికి ఆ ఫొటోలే నాకు బాగా పనికొచ్చాయి. మంచం మీద పరిచినవి, ట్యూబులైటు కింద తీసినవి, సగం బొటనవేలు అడ్డం వచ్చినవి. కూర్పు చూస్తే ఏడుపొస్తుంది. కానీ సరుకు జనం ఇళ్లలో ఎలా కనిపిస్తుందో చెప్పే సాక్ష్యం అంతకన్నా ఏముంటుంది? వాటిని పేజీలోనే, మా ఫొటోల కిందే కనిపించేలా పెట్టాం, మంచివీ చెడ్డవీ వచ్చిన వరసలో. ఒక జాగ్రత్త మాత్రం తీసుకున్నాం. కొన్నవాళ్లు తీసిన ఫొటో మీద హక్కు వాళ్లదే. రివ్యూలో పెట్టారు కదా అని ప్రకటనలో వాడుకోకూడదు. వాడాలనుకుంటే విడిగా అడిగి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే.

ఒక స్టారు రివ్యూలకు జవాబు రాసే పని అక్కకే అప్పగించాం. తమ్ముడు రాస్తే ప్రతి జవాబూ "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని మొదలయ్యేది. ఆవిడ రాసిన మొదటి జవాబు, "ఈ నీలం రాత్రి లైటులో ఊదాగా కనిపిస్తుందండీ, రేపు పొద్దున కిటికీ దగ్గర ఒకసారి చూడండి, అప్పటికీ నచ్చకపోతే పంపేయండి". ఆ మనిషి స్కార్ఫు పంపలేదు, రివ్యూ కూడా మార్చలేదు. ఆ రివ్యూ, ఆవిడ జవాబు అలాగే పేజీలో ఉన్నాయి. కొత్తగా కొనేవాళ్లు కొందరు ఆ సంభాషణ చదివే ఆర్డరు పెట్టామని రాశారు.

"ఇంకా రెండే మిగిలాయి" అని ఎర్రగా మెరిసే గుర్తు ఒకటి ఉండేది, ఎప్పుడు చూసినా రెండే. తీసేయించాను. చేత్తో చేసే పనిలో నిజంగానే ఒక్కో రంగులో కొద్ది స్కార్ఫులే ఉంటాయి, ఆ అసలు అంకె వేస్తే సరిపోతుంది. ఉచితంగా సరుకు పంపి పొగిడించుకునే ఇన్‌ఫ్లుయెన్సర్ల పోస్టుల్లో ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయాలన్నాం. కొందరు మానేశారు.

ఫలితం సంగతి. మొదట్లో ప్రకటనల మీద క్లిక్కులు పడిపోయాయి, తమ్ముడికి నిద్రపట్టని టెన్షన్. నేను ఊహించిందే అది. మెరుపు తగ్గితే ఆగి చూసేవాళ్లూ తగ్గుతారు. ఆర్డర్లు మాత్రం క్లిక్కులంతగా తగ్గలేదు. రిటర్న్ కారణాల్లో రంగు అనే మాట క్రమంగా అరుదైంది, దాని చోటులోకి "ఇంత పలచగా ఉంటుందనుకోలేదు" వచ్చింది. ఇది నాకు సంతోషం కలిగించిన ఫిర్యాదు, ఎందుకంటే ఫొటో దాచిన ఇంకో సంగతిని బయటపెట్టింది. గుడ్డ వెనక అరచేయి పెట్టి, వేళ్లు ఎంతవరకు కనిపిస్తాయో చూపించే ఫొటో ఒకటి కలిపాం. అనుకోని లాభం అక్కకు వచ్చింది. ప్రతి బ్యాచ్‌నూ ఒకే వెలుతురులో, కలర్ చెకర్ పక్కన తీయడంతో, నిరుటి నీలానికీ ఇప్పటి నీలానికీ ఉన్న తేడా ఆవిడ కళ్లకు కట్టింది. తొట్టిలో మునకలు లెక్కపెట్టి రాసుకోవడం అప్పటినుంచే మొదలుపెట్టింది.

తెగనివి రెండున్నాయి. ఒకటి నెమలికంఠం రంగు. దానికి ఆవిడ నీలిమందు వాడదు, టర్కాయిస్ రసాయన రంగు వాడుతుంది. అది థాలోసయనిన్ జాతిది, అచ్చు యంత్రాల సయాన్ సిరా కూడా ఆ జాతే. అంత నిండైన నీలిపచ్చ ఎస్‌ఆర్‌జీబీ పరిధిలోకి రాదు. కెమెరాకు చిక్కినా ఫైల్లో ఇమడదు, ఇమిడేలా కుదిస్తే మామూలు నీలంలోకి వాలిపోతుంది. ఇక్కడ ఫొటో అసలు సరుకుకన్నా తక్కువగా కనిపిస్తుంది, ఎవరూ తిట్టరు, కానీ అదీ సరైన ఫొటో కాదు. ఆ పేజీలో "స్క్రీన్ మీద కనిపించేదానికన్నా అసలు రంగు ఇంకా ఆకుపచ్చ వైపు, ఇంకా నిండుగా ఉంటుంది" అని రాశాం, అడిగినవాళ్లకు చిన్న గుడ్డముక్క పంపుతున్నాం.

రెండోది తిరిగి అమ్మే సైట్లు. మా ఫొటోలు తీసుకుని వాటి మీద తమ ఫిల్టర్ వేసుకుంటారు, మసిపూసి మారేడుకాయ చేస్తారు, తిట్లు తిరిగి మా పేజీకొస్తాయి. ఫొటో ఎక్కడ పుట్టింది, ఎవరు ఏం మార్చారు అనేది ఫైల్లోనే ముద్రవేసి ఉంచే సీటూపీఏ అనే ప్రమాణం ఉంది. 2021లో దానికోసం కొన్ని సంస్థలు కలిశాయి, 2023లో లైకా ఎం11-పీ దాన్ని కెమెరాలోనే పెట్టింది. నేను ఎడిటింగ్ దశలో ఆ ముద్ర వేసి పంపుతున్నాను. ఫైలు అప్‌లోడ్ చేసేటప్పుడు చాలా సైట్లు ఆ సమాచారాన్ని ఊడబెరికేస్తాయి, అందుకని దానిమీద ఎక్కువ ఆశ పెట్టుకోలేదు. ఒప్పందంలోనే ఒక వాక్యం చేర్చాం: ఫొటోల రంగు మార్చకూడదు, మారిస్తే సరుకు వెనక్కి తీసుకుంటాం. ఒక సైటు సంతకం పెట్టనంది. వాళ్ల దగ్గరున్న స్కార్ఫులన్నీ అక్క వెనక్కి తెప్పించుకుంది, ఆ రవాణా ఖర్చు ఎవరి ఖాతాలో వేయాలన్నది అక్కాతమ్ముళ్ల మధ్య ఇంకా తేలలేదు.